ఎండిన చెరువులో గోల్ఫ్ నేర్పిన మా వదినగారు

మొన్న బుధవారం పొద్దున పాలు పొయ్యి మీద పెడుతుండగా మా మరిది దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "అక్కయ్య వెళ్ళిపోయిందండీ" అన్నాడు. మా వదినగారి గుండె బలహీనపడిందన్న సంగతి మా అందరికీ తెలుసు. ఆవిడకి మాకంటే ముందే తెలుసు. ఏలూరులో తమ ఇంట్లో, తమ మంచం మీద, నిద్రలోనే పోయారు.

ఆవిడ నా భర్తకి అక్కగారు. నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆవిణ్ణి "వదినగారూ" అన్నాను, ఆవిడ నన్ను "అమ్మాయ్" అన్నారు. నాకు మనవరాలు పుట్టి, అది నా భుజం దాటి ఎదిగాక కూడా ఆవిడకి నేను అమ్మాయినే.

పలకరింపుకి వచ్చినవాళ్ళు ఆవిడ గురించి చాలా మాటలు అన్నారు. దేశం తరఫున గోల్ఫ్ ఆడారని ఒకాయన, అల్మరా నిండా కప్పులున్నాయని ఇంకొకాయన. నేను ఉద్యోగమంతా లెక్కల టీచరుగా చేశాను. లేనిది కలిపితే ఉన్నదాని విలువ పెరగదు, తగ్గుతుంది. అందుకని సరిగ్గా ఉన్నంతే రాస్తాను. ఆవిడ దేశం తరఫున ఆడలేదు. ఒక్క కప్పూ గెలవలేదు. ఒకసారి ఆడవాళ్ళ పోటీలో రెండో స్థానం వచ్చిందిట. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఆడిందే నలుగురం లెండి" అని ఆవిడే నవ్వేసేవారు.

ఆవిడ భర్త విశాఖపట్నంలో హార్బరు ఇంజనీరు. ఆదివారాలు ఆఫీసర్లు గోల్ఫ్ ఆడుతుంటే భార్యలు నీడన కూర్చుని అల్లికలు అల్లుకునేవారు. మా వదినగారికి అల్లికలు రావు. ఊరికే కూర్చోవడమూ రాదు. భర్త చేతిలోంచి కర్ర తీసుకుని ఒక దెబ్బ వేశారుట. బంతి సరుగుడు తోపులోకి పోయింది. ఎటు పోయిందన్నది పక్కన పెడితే, ఎంత దూరం పోయిందో చూసి మగవాళ్ళు మాటలాపేశారని మా అన్నయ్యగారు, అంటే ఆవిడ భర్త, బతికున్నంత కాలం గొప్పగా చెప్పుకునేవారు.

ఆయన పోయాక ఆవిడ ఏలూరు వచ్చేశారు. స్టేషన్లో దిగినప్పుడు ఆటో అబ్బాయి ఆ కర్రల సంచీ చూసి, "గేలాలాండీ? కొల్లేరు వెళ్తారాండీ?" అని అడిగాడుట. ఏలూరులో గోల్ఫ్ ఆడే చోటు లేదు. ఆవిడ దానికి బెంగపెట్టుకోలేదు. హాల్లో పాతకాలపు ఏలూరు తివాచీ ఒకటి ఉండేది. దాని మీద పూలతీగ ఒకటి ఈ చివరినుంచి ఆ చివరికి పోతుంది. సాయంత్రం కాఫీ తాగాక ఆ తీగ వెంబడి బంతిని మెల్లగా దొర్లించేవారు. తీగ వంపు తిరిగిన చోట బంతీ తిరిగేట్టు కొట్టడం ఆవిడ సరదా. ఆ సమయంలో ఎవరు వెళ్ళినా గోడవారగా నడిచి వంటింట్లోకి పోవాలి. ఇంట్లో అది నియమం.

మా అబ్బాయిది తాడేపల్లిగూడెంలో బియ్యం వ్యాపారం. వాడి కూతురు ప్రతి శనివారం పాసింజరు ఎక్కి ఏలూరులో మా ఇంటికి వచ్చేది. అది నన్ను నాయనమ్మ అనీ, ఆవిణ్ణి మామ్మగారు అనీ పిలిచేది. ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ తివాచీ మీద మొదటిసారి కర్ర పట్టుకుంది. నెల తిరక్కుండానే మా వదినగారు నా దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఈ పిల్ల నడుములో మంచి తిరుగుడుంది. తివాచీ చాలదు దీనికి" అన్నారు.

చాలే చోటు మా మరిది దగ్గర దొరికింది. అతనికి కొల్లేరు అంచున చేపల చెరువులున్నాయి. సరస్సు హద్దుల మీద నడిచే కాంటూరు గొడవలకు బయట, మా మామగారి నాటినుంచీ ఉన్న పట్టా భూమిలో తవ్వించినవే అవి. వేసవిలో చేపలు పట్టేశాక చెరువు నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండబెడతారు. తరువాత సున్నం చల్లి, మళ్ళీ నీళ్ళు పెట్టి, చేపపిల్ల వదులుతారు. ఎండబెట్టిన ఆ కొన్ని వారాలూ చెరువు ఖాళీగా ఉంటుంది. దాని అడుగు బల్లపరుపుగా, కనుచూపు మేర అడ్డం లేకుండా ఉంటుంది. వదినగారు గట్టు మీద నిలబడి, చీర కొంగు తలమీదికి లాక్కుని చాలాసేపు చూశారు. తరువాత తమ్ముణ్ణి పిలిచి, ఎలాగూ సున్నం చల్లిస్తావు కదా, ముందు రెండు బారు గీతలు పోయించమన్నారు. ఆ రెండు గీతల మధ్య దారి తయారైంది. మా మనవరాలికి అదే గోల్ఫ్ మైదానం.

ఈ ఆట తెలియని వాళ్ళకోసం రెండు మాటలు చెప్పాలి. వరసగా ఉన్న గుంటల్లో ఒక్కోదానిలో బంతిని వీలైనన్ని తక్కువ దెబ్బల్లో పడెయ్యాలి. ప్రతి గుంటకీ మొదటి దెబ్బ వేసేటప్పుడు బంతిని చిన్న మేకు మీద నిలబెట్టి కొడతారు. అక్కడ ఆటగాడు ఒకటి తేల్చుకోవాలి. అన్నిటికంటే పొడుగ్గా, తల పెద్దగా ఉండే కర్ర తీస్తే బంతి దూరం పోతుంది, కానీ పక్కకి పోయే ప్రమాదం ఎక్కువ. చిన్న కర్ర తీస్తే అనుకున్న చోటికి దగ్గరగా పడుతుంది, కానీ దూరం రాదు. మా వదినగారు వాటిని పెద్దకర్ర, చిన్నకర్ర అనేవారు. ఇంగ్లీషు పేర్లు ఆవిడకి రాక కాదు. చెరువు మీద పనిచేసేవాళ్ళూ చుట్టూ చేరి చూసేవారు కనుక, వాళ్ళకి అర్థం కావాలని.

నేను ముందు గురి నేర్పుతారనుకున్నాను. ఏ చదువైనా ముందు తప్పు లేకుండా రాయడం, తరువాత వేగంగా రాయడం. ఆవిడ అందుకు తలకిందులుగా, పెద్దకర్ర ఇచ్చి పిల్లని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టమన్నారు. బంతులు గీతలు దాటి ఎటు పడితే అటు పోయేవి. ఇదేమిటని నేను అడిగాను.

"ఎదిగే వయసులో ఒళ్ళు విసరడం రావాలమ్మాయ్. ఇప్పుడే భయపడి చిన్నగా కొట్టడం అలవాటైతే ఆ భయం ఎముకల్లో పడిపోద్ది. వంకర తర్వాత దిద్దుకోవచ్చు" అన్నారు.

దిద్దడం కూడా ఆవిడ మరిచిపోలేదు. నీళ్ళున్న రెండు చెరువుల మధ్య గట్టు ఒకటి ఉంది, ట్రాక్టరు పట్టేంత. దాని మీద చిన్నకర్రతో కొట్టించేవారు. ఏమాత్రం పక్కకి పోయినా బంతి నీళ్ళలోనే. శనివారం చెరువుల దగ్గర కారు దిగగానే పిల్లని, "ఇవాళ దూరమా, దారా?" అని అడిగేవారు. పిల్ల ఎప్పుడూ దూరమనే అనేది. ఆవిడ రెండూ చేయించేవారు.

చెరువుల దగ్గర మేస్త్రి ఒకతను ఉండేవాడు, మాటకారి. ఒకరోజు ఉండబట్టలేక, "పెద్దమ్మగారూ, అంత దూరం కొట్టడం ఎందుకండీ, మళ్ళీ అంత దూరం నడిచెళ్ళి తెచ్చుకోడం ఎందుకండీ? ఇక్కడిక్కడే కొట్టుకుంటే పోదాండీ?" అన్నాడు.

"నువ్వు వల విసిరి మళ్ళీ లాక్కోవట్లేదుటయ్యా?" అన్నారు ఆవిడ.

"నా వల్లో చేపలొస్తాయండీ."

"మా పిల్లకీ వస్తాయిలే. కాస్త ఆగు" అన్నారు. తరువాత అతను ప్రతి శనివారం, చేపలు పడ్డాయాండీ అని అడగకుండా వదిలేవాడు కాదు.

ఆవిడ పిల్లకి చెప్పే మాటలు తక్కువ. తరచూ చెప్పేది ఒక్కటే. "కొట్టేముందు, ఎక్కడ పడితే ఏడవకుండా ఉంటావో చూసుకో." ఎక్కడ పడాలని ఆశ ఉందో అది కాదు, ఎక్కడ పడినా ఫరవాలేదో ఆ చోటు చూసుకోమని. నేను బడిలో చాలామందిని చూశాను. పాఠం చెప్పేవాళ్ళు పిల్లల దగ్గర తమ తెలివి చూపించుకోవాలనుకుంటారు. ఈవిడ కర్ర పట్టుకుని చూపించడం కూడా అరుదు. పక్కన నిలబడి, పిల్ల కొట్టాక బంతి వంక చూడకుండా పిల్ల కాళ్ళ వంక చూసేవారు. ఆవిడ మొహంలో మాత్రం ఏదీ దాగదు. నచ్చితే కనుబొమలు లేస్తాయి, నచ్చకపోతే కింది పెదవి లోపలికి పోతుంది. పిల్ల అది కనిపెట్టి, ప్రతి దెబ్బకీ ముందు ఆ మొహం చూసి కర్ర ఎంచుకోవడం అలవాటు చేసుకుంది.

పదో తరగతి అయిన వేసవిలో విశాఖలో జూనియర్ల జట్టుకు ఎంపిక పోటీ జరిగింది. మేమందరం వెళ్ళాం. చివరి గుంట దగ్గర మొదటి దెబ్బకి ఎదురుగా ఒక చెరువు ఉంది. చెరువుకి ఇవతల పచ్చిక సన్నగా, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క సరుగుడు చెట్లు. చెరువు దాటితే పచ్చిక బాగా వెడల్పు. మా పిల్ల పెద్దకర్ర తీసింది. మా చెరువులో ఆ దూరం ఎన్నోసార్లు సులువుగా దాటింది. దెబ్బ చక్కగా తగిలింది, బంతి సూటిగా వెళ్ళింది, ఆవలి గట్టు చేరకుండా నీళ్ళలో పడింది. మరొకటి పెట్టి కొట్టింది. అదీ అక్కడే పడింది. జట్టులో చోటు పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మా అబ్బాయి, ఆశపడి పెద్దకర్ర తీయడమే పొరపాటన్నాడు. పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తుని దాటాక మా వదినగారు, పచ్చిక తడిగా ఉందా అని పిల్లని అడిగారు. పొద్దున్నే నీళ్ళు కొట్టారని అది చెప్పింది.

మర్నాడు పొద్దున్నే అందరినీ ఎండిన చెరువు దగ్గరికి రమ్మన్నారు. మా మరిదిని సున్నం గీతల మధ్య సగం దూరంలో నిలబెట్టి, బంతి ఆగిన చోటు కాదు, మొదట నేల తాకిన చోటు చూసి కాలితో గుర్తు పెట్టమన్నారు. పిల్లని కొట్టమన్నారు. బంతి గాల్లోంచి వచ్చి నేలని తాకిన చోటొకటి. అక్కణ్ణుంచి ఆ ఎండిన బంకమట్టి మీద బండమీద దొర్లినట్టు దొర్లుకుంటూ పోయి ఆగిన చోటొకటి. రెంటికీ మధ్య ఒక వీధంత ఎడం ఉంది. మేమిన్నాళ్ళూ కొలిచింది బంతి ఆగిన చోటు. తడి పచ్చిక మీద బంతి దొర్లదు. నీళ్ళ మీద అసలే దొర్లదు. చేపల చెరువు అడుగున గోల్ఫ్ నేర్చుకునేవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది.

ఆవిడ మా అబ్బాయి ముందు, మరిది ముందు, మేస్త్రి ముందు, పనివాళ్ళందరి ముందు పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు కొట్టిన దెబ్బ మంచిదే తల్లీ. నేను కొలిచిన చోటు తప్పు. నన్ను క్షమించు" అన్నారు.

పెద్దవాళ్ళు పిల్లల్ని క్షమించమని అడగడం మన ఇళ్ళలో నేను పెద్దగా చూడలేదు. పిల్ల కంగారుపడి, అయ్యో అలా అనకండి మామ్మగారూ అంటూ ఆవిడ చెయ్యి విడిపించుకోబోయింది. ఆవిడ వదల్లేదు. సరేనని అది తలూపేదాకా అలాగే నిలబడ్డారు.

తరువాత తమ్ముడితో బేరానికి దిగారు. చెరువుకి నీళ్ళు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. చిన్న చెరువొకటి పూర్తిగా నింపకుండా అడుగు తడిసి బురదయ్యేంత నీళ్ళే పెట్టి, కొన్నాళ్ళు అలా ఉంచమన్నారు. చేపపిల్ల వదలడం ఆలస్యమైతే తనకెంత ఇబ్బందో మరిది చెప్పుకొచ్చాడు. ఆవిడ అంతా విన్నారు. "అవున్రా, నిజమే" అన్నారు. అతను చిన్న చెరువు వదిలేశాడు.

బురదలో బంతి ఎక్కడ పడితే అక్కడే దిగబడిపోతుంది. ఒక్క అంగుళం దొర్లదు, అబద్ధం చెప్పదు. పిల్ల గట్టు మీదనుంచి కొట్టి, పావడా పైకి దోపుకుని పిక్కల లోతు బురదలో దిగి బంతులు ఏరుకొచ్చేది. వెదురు కర్రలు పాతి గుర్తులు పెట్టాం. మొదట్లో ఆ గుర్తులు చూస్తే నాకే జాలేసింది, అంత దగ్గర. పిల్ల బలం తగ్గిపోయిందని పనివాళ్ళు చెవులు కొరుక్కున్నారు. వదినగారు మాత్రం సంతోషంగా ఉన్నారు. ఇప్పుడు కనపడేదే అసలు సంగతి అనేవారు. ఆ చెరువులో చేపపిల్ల వేశాక, వర్షాలకి మెత్తబడ్డ వరి మడొకటి చూశారు. అందులో నాట్లు పడ్డాక ఇంకోటి. వెదురు గుర్తు ఏడాది పొడుగునా మెల్లమెల్లగా దూరం జరిగింది. దాంతోబాటు గట్టు మీద చిన్నకర్ర ఆటా సాగింది. ఇప్పుడు పిల్ల దూరమా, దారా అన్న ప్రశ్నకి జవాబు చెప్పేముందు ఆగి ఆలోచించేది.

ఆ ఏడాదే ఆవిడ ఆరోగ్యం చెడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు ప్రయాణాలు వద్దన్నారు. ఆవిడ ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విని, ఇంటికి వచ్చి విశాఖకి టిక్కెట్లు కొనిపించారు. పిల్ల వయసుకి జూనియర్ల జట్టులో చేరడానికి అదే ఆఖరి అవకాశం. ఆవిడకీ అదే ఆఖరి ప్రయాణం.

వెళ్ళేముందు రోజు భోజనాల దగ్గర అందరూ పిల్లకి ఒక్కటే చెప్పారు. ఆ చివరి గుంట దగ్గర పెద్దకర్ర ముట్టుకోవద్దని మా అబ్బాయి, జాగ్రత్తగా దగ్గర్లో వేసుకోమని మరిది. నేనూ అదే చెప్పాను. పోయినేడు రెండు బంతులు మింగిన చెరువది. వదినగారు మజ్జిగన్నం కలుపుకుంటున్నారు. మీరేమంటారండీ అని నేనే అడిగాను. "ఆడేది నేను కాదుగా అమ్మాయ్" అన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం మా పిల్ల చివరి గుంట దగ్గరికి వచ్చేసరికి, అక్కడ మామూలుగా పట్టాల్సిన దెబ్బల్లో ముగిస్తే చోటుంటుంది, ఒక్కటి ఎక్కువైతే ఉండదు. లెక్క నేను చూస్తున్నాను కనుక నాకు తెలుసు. దానికీ తెలుసు. చూసేవాళ్ళు ఆడేవాళ్ళకి సలహా చెప్పకూడదన్నది పోటీ నియమం. వదినగారు నడవలేరు గనుక అక్కడ తాడుకి ఇవతల, నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పిల్ల సంచీ దగ్గర నిలబడి చెరువు వంక చూసింది, సరుగుడు చెట్ల వంక చూసింది. తరువాత అలవాటు ప్రకారం మామ్మగారి మొహం కోసం మావైపు తిరిగింది.

"అమ్మాయ్, కుర్చీ తిప్పు" అన్నారు ఆవిడ.

నాకు అర్థం కాలేదు.

"అది నా మొహం చూస్తోంది. అటు తిప్పు."

చెయ్యి పట్టి లేపి, కుర్చీని ఆటకి వీపు వచ్చేలా తిప్పి మళ్ళీ కూర్చోబెట్టాను. ఆవిడ ఎదురుగా కార్లు ఆగి ఉన్న చోటు, ఒక గోడ, దాని మీద కాగితప్పూల తీగ. అంత దూరం ఆయాసపడుతూ వచ్చి, ఏడాదంతా ఏ దెబ్బ కోసం బతికారో ఆ దెబ్బకి వీపు పెట్టి కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. వెనకనుంచి నాకు ఆవిడ తెల్లటి ముడి, నేత చీర అంచు కనిపిస్తున్నాయి.

పిల్ల కాసేపు ఆ వీపు వంకే చూసింది. తరువాత సంచీలోంచి పెద్దకర్ర తీసింది. నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చి ఉండాలి. ఆవిడ అటు తిరక్కుండానే అరచెయ్యి ఎత్తారు, మాట్లాడొద్దని.

దెబ్బ తగిలింది. పెద్దకర్ర చప్పుడు వేరు, చిన్నకర్ర చప్పుడు వేరు. ఆవిడ కనుబొమలు ఆ క్షణాన ఏం చేశాయో నాకు తెలియదు, తల మాత్రం కొద్దిగా పైకి లేచింది. బంతి ఎత్తుగా లేచింది. నీళ్ళ మీదికి వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆవలి గట్టు దాటి వెడల్పాటి పచ్చిక మీద పడి, ఇంచుమించు పడిన చోటే ఆగింది. ఆ గుంట మామూలు దెబ్బల్లోనే అయింది. మా పిల్ల జట్టులో చేరింది. కానీ నా కళ్ళలో మిగిలిపోయింది అది కాదు.

బంతి పడిందని అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అవీ ఆగిపోయాయి. మా వదినగారు మాత్రం గోడకి ఎదురుగా, ఎత్తిన చెయ్యి దించకుండా, మెడ ఒక పక్కకి వంచి వింటూనే ఉన్నారు. చప్పట్లు మర్యాదకి కూడా కొడతారని ఆవిడకి తెలుసు. పక్కకి వెళ్ళి, నీళ్ళు దాటిందండీ అని చెప్పబోయాను.

"చెప్పకు" అన్నారు. "నీళ్ళ చప్పుడు వస్తుందేమో చూస్తున్నా."

రాదని నాకు తెలుసు. అయినా ఆవిడ పక్కన నిలబడి, ఆ కాగితప్పూల గోడ వంక చూస్తూ, నేనూ విన్నాను.